పదిహేనో పోటు

పెదలంక జిల్లాలో ఓడిపోవడానికి సర్టిఫికెట్ తప్పనిసరి చేసిన రోజు మధ్యాహ్నం నుంచి, సర్టిఫికెట్ లేని మనిషిని కత్తులు ఓడించడం మానేశాయి. కత్తి సూటిగానే వచ్చేది. ఒంటికి బెత్తెడు దూరంలో ఆగి, పిలవని పేరంటానికి వచ్చినదానిలా మొహమాటంగా పక్కకి వంగిపోయేది. మొదట కత్తులు పాడయ్యాయనుకున్నారు. మర్నాడు జిల్లా ఫెన్సింగ్ సంఘం కార్యదర్శి మార్కండేయులు గారు తమ ఉత్తర్వు తామే మరోసారి చదువుకుని, కత్తులు నిబంధన పాటిస్తున్నాయనీ, పాడైంది ఏమీ లేదనీ తేల్చారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఆ ఉత్తర్వు ఊరికే పుట్టలేదు. పెదలంకలో కత్తి ఆట నేర్చుకునేది పాత కొబ్బరి గోదాములో. అంతకు ముందు అక్కడ ఎవరు ఏ పని చేసేవాళ్ళో ఎవరికీ తెలియదు. జేబులో పెన్నున్నవాడు స్కోరు రాసేవాడు. గొంతున్నవాడు రిఫరీ. ఎవరికైనా దెబ్బ తగిలితే పక్కనే ఉన్న పశువుల డాక్టరు గారు వచ్చి, నోరు తెరవమని పళ్ళు చూసి వెళ్ళేవారు. ఒకసారి తుప్పు పట్టిన మాస్కు జాలీ విరిగి ఒక పిల్లకి కనురెప్ప మీద గీసుకుంది. కన్ను పోలేదు కానీ జిల్లా అంతా ఉలిక్కిపడింది. అప్పుడు మార్కండేయులు గారు నడుం కట్టారు. ఎవరు ఏ పని చేస్తే ఆ పనికి శిక్షణ, శిక్షణకి పరీక్ష, పరీక్షకి సర్టిఫికెట్ అన్నారు. కోచ్‌కి, రిఫరీకి, స్కోరు రాసేవాళ్ళకి, కత్తుల వైర్లు సరిచేసేవాళ్ళకి, చివరికి ఆట ముందు నేల తుడిచేవాళ్ళకి కూడా కోర్సులు వచ్చాయి. పశువుల డాక్టరు గారు తిరిగి పశువుల దగ్గరికి వెళ్ళారు. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆ రోజుల్లో పిల్లల తల్లిదండ్రులు మార్కండేయులు గారిని చూస్తే సైకిలు దిగి నమస్కారం పెట్టేవారు.

అన్ని పాత్రలకీ శిక్షణ అయిపోయాక, ఇంకా ఎవరైనా మిగిలారా అని మార్కండేయులు గారు ఆలోచించారు. అప్పుడు ఆయనకి తట్టింది. ప్రతి ఆటలోనూ ఒకరు ఓడిపోతున్నారు. ఇంత ముఖ్యమైన పనిని ఏ శిక్షణా లేకుండా చేస్తున్నారు. ఏడుస్తున్నారు, మాస్కులు విసిరేస్తున్నారు, వాళ్ళ అమ్మలు రిఫరీ వంశాన్ని తలుచుకుంటున్నారు. ఇది ఇలా వదిలేయకూడదనుకుని, పరాజితులకు కూడా అర్హత పత్రం ఉండాలని ఉత్తర్వు రాశారు. కత్తిపోటు తప్పినా కలంపోటు తప్పదంటారు. ఈ ఒక్కసారి కలంపోటు వల్ల కత్తిపోటు తప్పింది.

వచ్చిన చిక్కల్లా ఉత్తర్వు చదివిన వేళతో వచ్చింది. తక్షణం అమల్లోకి వస్తుందన్న ముక్క ఉంది కదా అని, జిల్లా ఆడపిల్లల ఫైనల్ మధ్యలో, విరామంలో, మైకులో చదివేశారు. ఆ ఫైనల్ ఆడుతున్నది ఇసుకపట్ల లోవకుమారి, రైసుమిల్లు వీరభద్రం గారి అమ్మాయి హర్షిణి. ఎవరు గెలిస్తే వాళ్ళు రాష్ట్ర పోటీకి వెళతారు. రాష్ట్ర పోటీలో పేరు వస్తే అకాడమీలో సీటు. లోవకుమారికి ఆ సీటు తప్ప ముందు చదువుకి వేరే దారి లేదు. హర్షిణికి దారులు చాలా ఉన్నాయి కానీ, ఆ పిల్లకి కూడా కావలసింది ఇదే దారి.

ఈ ఆటలో ముందు పదిహేను పోట్లు ఎవరు పొడిస్తే వాళ్ళది గెలుపు. కత్తి కొన తగిలితే దీపం వెలుగుతుంది. విరామం తర్వాత ఇద్దరూ పోటీ పడి పద్నాలుగు, పద్నాలుగుకి వచ్చారు. అప్పటిదాకా కత్తులు మామూలుగానే తగిలాయి. పద్నాలుగు పోట్లు ఎవరైనా తినవచ్చు, దానికి ఏ అర్హతా అక్కర్లేదు. పదిహేనోది తింటేనే ఓటమి. లోవకుమారి కత్తి హర్షిణి భుజం దగ్గర వంగింది. హర్షిణి కత్తి లోవకుమారి డొక్క దగ్గర వంగింది. రిఫరీ షకీలా మేడం ఆటని ఆపారు, మొదలుపెట్టారు, మళ్ళీ ఆపారు. చీకటి పడ్డాక రేపు చూద్దామన్నారు.

ఆ రేపు చాలా వారాలు సాగింది. ఇద్దరూ కాలేజీ నుంచి వచ్చి, తెల్ల జాకెట్లు వేసుకుని, నడుముకి వైర్లు తగిలించుకుని నిలబడేవారు. షకీలా మేడం సర్టిఫికెట్ మెడలో వేసుకుని, ఇక మొదలుపెట్టండన్నట్టు "ఆలే" అనేవారు. కత్తులు వంగేవి. మధ్యలో హర్షిణి వాళ్ళమ్మ ఇద్దరికీ మినపసున్నుండలు పెట్టేది. ఇద్దరు పిల్లలకీ ఒకరి ఆట ఒకరికి కంఠతా వచ్చేసింది. ఒకరి మీద ఒకరికి ఇష్టం కూడా కలిగింది. కొబ్బరి వ్యాపారులు బస్తాలు దింపుకోవడానికి వచ్చి, కాసేపు నిలబడి చూసి, "ఇంకా పద్నాలుగేనా అండి?" అని అడిగి వెళ్ళేవారు.

పరాజితుల కోర్సులో ఒక్కరు చేరినా ఆట తేలిపోయేది. కోర్సుకి ఫీజు లేదు, భోజనం కూడా పెడతామన్నారు. అయినా ఎవరూ చేరలేదు. వీరభద్రం గారు సంఘం ఆఫీసుకి వచ్చి చాలా మర్యాదగా మాట్లాడారు. "పోరు నష్టం, పొందు లాభం అన్నారండి పెద్దలు. ఆ తాతారావు అమ్మాయి చేత ఆ కోర్సేదో చేయించెయ్యండి. వాళ్ళకి మేం జన్మంతా రుణపడుంటాం" అన్నారు. అప్పుడే రుణం మొదలైనట్టు, ఒక బస్తా సన్నబియ్యం ఆ ఇంటికి ముందే పంపించారు.

లోవకుమారి తండ్రి తాతారావు గోదాములో కత్తులకి వైర్లు అతికేవాడు. కత్తి ఆటలో జిల్లాలో మొదటి తరం అతనే. కుర్రతనంలో రాష్ట్ర పోటీలకి వెళ్ళి, వెళ్ళిన ప్రతిసారీ మొదటి రౌండులోనే ఓడి వచ్చాడు. కూతురికి ఆట నేర్పింది అతనే. తనకి రాని గెలుపు కూతురికి ఎలా నేర్పాడని ఎవరైనా అడిగితే, "నన్ను కొట్టినోళ్ళందరూ ఎలా కొట్టారో నాకు గుర్తేనండి" అనేవాడు.

మార్కండేయులు గారు స్వయంగా గోదాముకి వచ్చి, కొబ్బరిపీచు బస్తా మీద కూర్చున్నారు.

"తాతారావూ, చిన్న పని పడిందయ్యా. అమ్మాయి ఆ పరాజితుల పరీక్ష రాస్తే బాగుంటుంది. నీ ఇంట్లో అయితే ఆ పద్ధతి తెలిసినవాళ్ళు ఉన్నారు కదా."

తాతారావు చేతిలో వైరు కింద పెట్టాడు. "దానికొద్దండి బాబూ. నాకలవాటే కదండి, నేను రాసేత్తానండి."

"ఆడేది అమ్మాయి కదయ్యా."

"దాని తరపున నేను ఓడిపోతే లెక్కలోకి రాదాండి?"

మార్కండేయులు గారు ఉత్తర్వు తీసి చదివారు. ఓడిపోవువారు అని ఉంది కానీ ఆట ఆడువారే ఓడిపోవలెనని ఎక్కడా లేదు. ఆయన లేచి తాతారావు చెయ్యి పట్టుకున్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు నిజమైనవే. మార్కండేయులు గారు చెడ్డమనిషి అని ఈ కథలో ఎక్కడా అనుకోకూడదు.

తాతారావుకి పూర్వానుభవం ఉంది కాబట్టి రాత పరీక్ష మినహాయించారు. నోటి పరీక్ష మాత్రం పెట్టారు.

"ఓడిపోయాక ముందుగా ఏం చేస్తారు?"

"మాస్కు తీత్తానండి."

"తర్వాత?"

"గ్లవ్వు తీసి, ఉత్తచేత్తో అవతలోళ్ళకి చెయ్యిత్తానండి."

"తర్వాత?"

"ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్తానండి. అన్నం పెడతాదండి."

పరీక్షకులు నూటికి నూరు వేశారు.

మర్నాడు తాతారావు జాకెట్టు వేసుకుని, ఆట ఆడే ఇనపపట్టీ మీద నిలబడ్డాడు. ముందు హర్షిణి వచ్చింది. అన్ని వారాలు వంగిన కత్తి సూటిగా వెళ్ళి అతని రొమ్ము మీద దిగింది. దీపం వెలిగింది. హర్షిణి గెలిచింది. తర్వాత లోవకుమారి వచ్చింది. వచ్చి, కత్తి దించి నిలబడింది.

"కొట్టమ్మా. సర్టిఫికెట్టుంది" అన్నాడు తాతారావు.

"నిన్నెలా కొడతాను నాన్నా?"

"నేర్పినట్టే కొట్టు. మణికట్టు తిప్పకు."

లోవకుమారి మణికట్టు తిప్పకుండా కొట్టింది. దీపం వెలిగింది. ఆ పోటు ఎంత సూటిగా, ఎంత తేలిగ్గా దిగిందంటే, తాతారావుకి నొప్పికన్నా ముందు సంతోషం కలిగింది. బాగా నేర్పానని అనుకున్నాడు. మాస్కు తీసి, గ్లవ్వు తీసి, కూతురికి చెయ్యి ఇచ్చాడు. గోదాములో ఉన్నవాళ్ళందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఒకే ఫైనల్లో ఇద్దరు విజేతలు, ఏడ్చేవాళ్ళు ఎవరూ లేరు. వీరభద్రం గారు తాతారావుని కౌగలించుకుని తమ కండువా తీసి అతని మెడలో వేశారు. అప్పటిదాకా 'తాతారావు' అనే పిలిచిన ఊరు ఆ సాయంత్రం నుంచి 'తాతారావు గారు' అనడం మొదలుపెట్టింది కాబట్టి, మనమూ ఇకనుంచి అలాగే అందాం.

ఇంత సదుపాయం ఉందని తెలిశాక మిగతా జిల్లా ఊరుకుంటుందా? కబడ్డీవాళ్ళు అదే నిబంధన తెచ్చుకున్నారు. తర్వాత చదరంగంవాళ్ళు. తర్వాత ఆటలు కానివాళ్ళు. వార్డు ఎన్నికల్లో నిలబడ్డ ఇద్దరూ గెలిచారు, తాతారావు గారు ఓడిపోయారు. అందువల్ల ఓటర్ల జాబితాలోంచి ఆయన పేరు పోయింది. గట్టు తగాదా మీద ఏళ్ళ తరబడి కొట్టుకుంటున్న అన్నదమ్ములు ఇద్దరూ కేసు గెలిచారు. తోటంతా అన్నకే వచ్చింది, తోటంతా తమ్ముడికే వచ్చింది. కాయలు మాత్రం చెట్లకి మామూలుగా కాసినన్నే కాశాయి. ఆ తరుగు తాతారావు గారి పెరట్లో ఉన్న కొబ్బరిచెట్లు రెండూ ఎండిపోవడంతో సరిపోయింది. ఆ ఏడాది జిల్లాలో పదో తరగతి రాసిన పిల్లలందరూ పాసయ్యారు. తాతారావు గారు ఎప్పుడో పాసైన పదో తరగతి తప్పారు.

ఆయన దేనికీ కాదనలేదు. అందరూ అంత ప్రేమగా అడుగుతుంటే కాదనడం ఎలాగో ఆయనకి తెలియలేదు. కృతజ్ఞత విషయంలో పెదలంకవాళ్ళని వేలెత్తి చూపడానికి వీల్లేదు. ఓడిపోయిన ప్రతిసారీ శాలువా కప్పారు. దండలు వేశారు. ఆయన బజారుకి వస్తే కాఫీ హోటలువాడు డబ్బులు తీసుకునేవాడు కాదు. శాలువాలు ఇంట్లో పట్టక, ఆయన భార్య మాణిక్యం వాటిని చీల్చి బొంతలు కుట్టింది. ఆ బొంతలు చుట్టాలకి పంచితే వాళ్ళు కూడా కృతజ్ఞతలు చెప్పారు.

ఒక ఆదివారం మాణిక్యం భర్త ఒంటికి వేడి కొబ్బరినూనె రాస్తుంటే లోవకుమారి చూసింది. కబడ్డీవాళ్ళ మోకాళ్ళూ కత్తివాళ్ళ పోట్లూ కలిసి ఒళ్ళంతా నేరేడుపండు రంగులో కమిలిపోయి ఉంది. వాటిలో కొన్ని తనవి. జిల్లాలో తను గెలిచిన ప్రతి పోటీలోనూ చివరి పోటు ఆ ఒంటి మీదే దిగింది. గోడ మీద ఆమె పతకాలు వరసగా వేలాడుతున్నాయి.

"నాన్నా, నేను ఎవర్ని గెలిచాను?"

"అందర్నీ గెలిచావు కదమ్మా."

"నిన్నొక్కడ్నే నాన్నా గెలిచాను. హర్షిణి కూడా నిన్నే గెలిచింది. మా ఇద్దర్లో ఎవరు ముందో నాకింకా తెలీలేదు."

తాతారావు గారు పక్కకి తిరిగి పడుకున్నారు. ఆయనకి ఆ మాటకి జవాబు తెలుసు. ఆయన అభిప్రాయంలో లోవకుమారే ముందు, వేలెడు తేడాతో. కానీ వేలెడు తేడా దీపం వెలిగితేనే ఉంటుంది.

అంతలో రాష్ట్ర సంఘం నుంచి కబురు వచ్చింది. ఒక జిల్లా నుంచి ఇద్దరు విజేతలని తీసుకోవడం కుదరదు, ఒక్కరినే పంపండి అన్నారు. పైగా ఆడపిల్లల పోటీలో మగమనిషి ఓడిపోవడం చెల్లదు, ఆ విభాగంలో అర్హత గల పరాజిత ఆ విభాగానికి చెందినవారే అయి ఉండాలి అన్నారు. సబబుగానే ఉంది. పద్నాలుగు, పద్నాలుగు దగ్గర ఆగిన ఫైనల్ అక్కడినుంచే మళ్ళీ ఆడించాల్సి వచ్చింది.

మార్కండేయులు గారు పళ్ళూ శాలువాతో తాతారావు గారి ఇంటికి వచ్చారు. కుర్చీ చివర కూర్చున్నారు. చెప్పడానికి ఆయనకే కష్టంగా ఉంది.

"తాతారావు గారూ, అమ్మాయికి రాత పరీక్ష కూడా అక్కర్లేదండి. పరాజితుల మీద ఆధారపడినవారికి నేరుగా ఇచ్చేలా సవరణ చేశాం. మీరు చేసిన సేవకి గుర్తుగా."

తాతారావు గారు లేచి నిలబడ్డారు. పదో తరగతి తప్పినప్పుడు కూడా ఆయన అలా నిలబడలేదు. "బాబ్బాబు, నన్ను దేంట్లో అయినా ఓడించండి. ఈ ఇల్లు రాయించుకోండి. దీన్నొదిలెయ్యండి. ఇదొక్కటి గెలుత్తాదనే కదండీ నేను ఇన్ని తిన్నాను."

మార్కండేయులు గారు తల దించుకున్నారు. "మీరంటే జిల్లాకి ఎంత గౌరవమో మీకు తెలుసు" అన్నారు. అది నిజం. అందుకే దానికి ఎదురు చెప్పడం ఎవరికీ చేతకాలేదు.

గుమ్మంలో నిలబడ్డ లోవకుమారి మాట్లాడింది. "నేను తీసుకుంటాను సార్. పరీక్ష రాసే తీసుకుంటాను, ఊరికే వద్దు. కానీ హర్షిణి కూడా రాయాలి. ఇద్దరికీ సర్టిఫికెట్టుంటే కత్తి ఇద్దరికీ తగులుతుంది. అప్పుడు ఎవరు ఓడిపోతే వాళ్ళే ఓడిపోతారు."

ఇంత సులువైన సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ తోచనందుకు మార్కండేయులు గారు ఆశ్చర్యపోయారు. ఆ సాయంత్రమే మిల్లుకి వెళ్ళి చెప్పారు. హర్షిణి ఎగిరి గంతేసింది. "నేను రాస్తానండి. చదివేస్తాను" అని సిలబస్ తీసుకుంది. పొరుగింటి ఆడపిల్లలతో గ్లవ్వు తీసి చెయ్యి ఇవ్వడం సాధన చేసింది కూడా.

పరీక్ష రోజున లోవకుమారి ముందుగానే వచ్చి తన బల్ల దగ్గర కూర్చుంది. పక్క బల్ల ఖాళీగా ఉంది. గంట కొట్టాక కూడా ఖాళీగానే ఉంది. వీరభద్రం గారు కారులో వచ్చి, చేతులు జోడించి, అమ్మాయికి జ్వరమని చెప్పారు. గేటు బయట కారులో హర్షిణి కూర్చుని ఉంది. తలుపులు లోపలినుంచి తెరుచుకోవడం లేదు. ఆమె అద్దం మీద చెయ్యి ఆనించి లోవకుమారి వంకే చూస్తోంది. జ్వరం ఉన్నవాళ్ళలాగే ఏడుస్తోంది.

లోవకుమారి అప్పుడు లేచి వెళ్ళిపోవచ్చు. సంఘం కూడా బలవంతం చేసేది కాదు. ఇద్దరిలో ఎవరూ రాష్ట్ర పోటీకి వెళ్ళేవారు కాదు, అంతే. ఆమె కాసేపు ఖాళీ బల్ల వంక చూసి, పెన్ను తీసి రాసింది. ఎందుకు రాశావని తర్వాత ఎవరూ అడగలేదు. అందరూ థాంక్స్ చెప్పే హడావిడిలో ఉన్నారు.

ఫైనల్ చివరి భాగం చూడటానికి గోదాము నిండిపోయింది. కొత్తగా పెట్టిన తల్లిదండ్రుల కోర్సు కూడా పూర్తి చేసిన తాతారావు గారు, మాణిక్యం ముందు వరసలో కూర్చున్నారు. వైర్లన్నీ పొద్దున ఆయనే సరిచూశారు. షకీలా మేడం గొంతు సవరించుకుని "ఆలే" అన్నారు.

ఇప్పుడు లోవకుమారిని కత్తి తాకుతుంది. హర్షిణిని తాకదు. అది అందరికీ తెలుసు. అయినా లోవకుమారి ఆడింది. వెనక్కి లాగింది, ఆశ పెట్టింది, హర్షిణి కత్తిని పక్కకి తట్టి, మోకాలు నేలకి ఆనేంతగా ముందుకి దూకింది. కొన సరిగ్గా హర్షిణి గుండె ముందుకి వెళ్ళింది. వెళ్ళి, బెత్తెడు దూరంలో వంగింది. దీపం వెలగలేదు. షకీలా మేడం చూశారు. వీరభద్రం గారు చూశారు. హర్షిణి చూసింది. ఆమె కత్తి దించేసి నిలబడిపోయింది.

"కొట్టు హర్షిణీ" అంది లోవకుమారి మాస్కు లోంచి.

"నా వల్ల కాదక్కా."

"సర్టిఫికెట్టుంది. కొట్టు."

హర్షిణి కళ్ళు మూసుకుని కత్తి చాచింది. అది ఎక్కడ తగిలిందో కూడా ఆమె చూడలేదు. దీపం వెలిగింది.

లోవకుమారి మాస్కు తీసింది. గ్లవ్వు తీసింది. ఉత్తచెయ్యి చాచింది. మెడ నిటారుగా, ముఖం ప్రశాంతంగా, కళ్ళు ఎదుటివాళ్ళ కళ్ళలోకి, అన్నీ సిలబస్‌లో ఉన్నట్టే. పరీక్షకులు ఒకరి వంక ఒకరు చూసుకుని మెచ్చుకోలుగా తలలూపారు. హర్షిణి ఆ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"నేనిప్పుడు ఏం చెయ్యాలక్కా?"

లోవకుమారి కోర్సులో చదివిందంతా ఒకసారి గుర్తు తెచ్చుకుంది. "నీకు సిలబస్ లేదమ్మా. ఇంటికెళ్ళిపో" అంది.

చప్పట్లు చాలాసేపు మోగాయి. వీరభద్రం గారు లోవకుమారి చదువు బాధ్యత తనదేనని మైకులో ప్రకటించారు. మార్కండేయులు గారు తండ్రీకూతుళ్ళకి కలిపి ఒకే పెద్ద శాలువా కప్పారు. తాతారావు గారిని నాలుగు మాటలు చెప్పమంటే, మైకు ముందుకి వచ్చి, "అందరికీ థాంక్సండి" అన్నారు. ఇంకేమైనా చెబుతారేమోనని అందరూ ఆగారు. ఆయన వెళ్ళి మాణిక్యం పక్కన కూర్చున్నారు.

ఇంటికి వచ్చాక ఆయన కూతుర్ని అడిగారు. "ఎక్కడాగిందే కత్తి?"

లోవకుమారి బొటనవేలూ చూపుడువేలూ ఎడం చేసి తన గుండె ముందు పెట్టి చూపించింది. "ఇంత."

ఆయన ఆ ఎడం వంక చాలాసేపు చూశారు. "అయితే తగిలినట్టేనమ్మా" అన్నారు. మాణిక్యం అన్నం పెట్టింది. లోవకుమారి ఏడుస్తూనే తిన్నది. ఆ ఏడుపు గురించి కోర్సులో ఏమీ లేదు కాబట్టి ఎవరూ ఆపలేదు.

హర్షిణి రాష్ట్ర పోటీకి వెళ్ళింది. అకాడమీలో చేరింది. ప్రతి పండక్కీ లోవకుమారికి చీర పంపుతుంది, ప్రతి ఇంటర్వ్యూలోనూ ఆమె పేరు చెబుతుంది.

జిల్లా అభివృద్ధి చూశాక ఒక్క కుటుంబం మీద ఇంత భారం వెయ్యడం న్యాయం కాదని సంఘం గుర్తించింది. కాలవ అవతలి కాలనీలో పరాజితుల శిక్షణ కేంద్రం పెట్టి, దానికి తాతారావు గారి పేరు పెట్టారు. లోవకుమారిని శిక్షకురాలిగా వేశారు. వీరభద్రం గారు మాటకి కట్టుబడి ఆమె చదువుకి సాయం చేస్తూనే ఉన్నారు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, లోవకుమారికి పుట్టబోయే పిల్లలకి కూడా పరీక్ష మినహాయిస్తూ సంఘంవారు తీర్మానం చేసి, దానికి అద్దాల ఫ్రేము కట్టించి ఇచ్చారు.

కేంద్రం ప్రారంభోత్సవానికి కాలనీవాళ్ళు పిల్లల్ని తలస్నానం చేయించి తీసుకొచ్చారు. జిల్లాలో ఇంకే కోర్సుకీ వాళ్ళకి పిలుపు రాలేదు. దీనికి ఇంటింటికీ వచ్చి పిలిచారు. ఫీజు లేదు, భోజనం ఉంది, ఫెయిలయ్యే భయం లేదు. ఒక తల్లి లోవకుమారి రెండు చేతులూ పట్టుకుని, "మా బిడ్డకి ఏదో ఒక సర్టిఫికెట్టు వత్తందమ్మా, మీ దయ" అని కళ్ళు తుడుచుకుంది. లోవకుమారి ఆ పిల్ల గ్లవ్వు తీసి, చెయ్యి ఎలా చాచాలో చూపించింది. పిల్ల మొదటిసారికే సరిగ్గా చాచింది. ఎండగా ఉందని సంఘంవారు షామియానా వేయించారు. అందరూ దాని నీడలో కూర్చుని, పేర్లు పిలిచేదాకా ఓపిగ్గా ఎదురుచూశారు.